ఎడమచేతికి పని ఇవ్వండి

(విజయనగరంలో ఎన్‌సీసీ కేడెట్లు, పోలీసు ఉద్యోగాలకు ఎంపికైన యువతీ యువకులు, షూటింగ్ నేర్చుకుంటున్నవాళ్ల ముందు ఒక విశ్రాంత ఆయుధ శిక్షకుడు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు తీసేసి మిగతాదంతా ఆయన మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ పిల్లలు ముందుకి రండి బాబూ. ముందు వరస ఖాళీగా ఉంది. ఇది చెవులతో వినేదాని కన్నా కళ్లతో చూడాల్సిన విషయం, నా చేతులు మీకు కనపడాలి. అమ్మా, మీరు కూడా రండి.

ముందు దీన్ని చూడండి. ఇది రబ్బరు పిస్టల్. నీలం రంగులో ఉంది కదా, శిక్షణ కోసం చేసిన నమూనా. ఇందులో రౌండు, అంటే తూటా, పట్టదు. అయినా సరే దీన్ని నేను మీ వైపు తిప్పను. మాట్లాడినంతసేపూ ఇది ఆ ఖాళీ గోడనే చూస్తుంది. నమూనాకి ఒక అలవాటు, అసలుదానికి ఇంకో అలవాటు అని చెయ్యి విడదీసుకోదు. ఇప్పుడు నా వేలు చూడండి. ట్రిగ్గర్ మీద ఉందా? లేదు. పైన ఫ్రేము పక్కన, అంటే పిస్టల్ ఒంటికి ఆనుకుని, చాచి ఉంది. సైట్లు, అంటే గురి చూసే గుర్తులు, గురి మీదకి వచ్చాక, కాల్చాలని మీరు నిర్ణయించుకున్నాకే అది లోపలికి వెళ్లాలి. పిస్టల్ ఎప్పుడూ లోడై ఉందనే అనుకోవాలి. ఈ మాట ప్రతి ఉస్తాదూ, అంటే ప్రతి శిక్షకుడూ చెబుతాడు. నేనూ చెబుతున్నాను, రేపు ట్రైనింగ్‌లో మీ ఉస్తాదూ చెబుతాడు. విసుగనిపించినా వినండి.

ఇక విషయం ఒక్కటే. పిస్టల్‌ని రెండు చేతులతో ఎలా పట్టుకుంటే, అది తన్నినా మన అదుపులో ఉంటుంది? అంతే. మిగతావన్నీ దీనికి ఎంత అవసరమో అంతే మాట్లాడతాను.

ఇక్కడ ఎయిర్ పిస్టల్ ఆడేవాళ్లు కొందరున్నారు. మీకు ముందే ఒక మాట చెప్పాలి. ఒలింపిక్స్‌లో మీరు చూసే పిస్టల్ పోటీలు ఒంటిచేతి పోటీలు. 2024 పారిస్‌లో మను భాకర్ కంచు పతకం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ అయినా, మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ ఆడే 25 మీటర్ల పిస్టల్ అయినా, రెండో చెయ్యి తగలకూడదు. నిబంధన అది. 2012 లండన్‌లో విజయ్ కుమార్ వెండి పతకం తెచ్చిన ర్యాపిడ్ ఫైర్‌లో అయితే నాలుగే సెకన్లలో ఐదు రౌండ్లు కాల్చే వరస కూడా ఉంటుంది. అదీ ఒంటిచేత్తోనే. కానీ ఈ 25 మీటర్ల పోటీల్లో వాడేది పాయింట్ 22 అనే చిన్న తూటా, దాని తన్ను తక్కువ. పిడి చెక్కని కూడా తమ చేతి అచ్చుకి సరిపడేలా చెక్కించుకుంటారు. నేను మాట్లాడేది సర్వీసు పిస్టల్ గురించి, 9 ఎంఎం గురించి. మన దేశంలో 9 ఎంఎం ప్రొహిబిటెడ్ బోర్, అంటే నిషేధించిన తూటా కొలత, మామూలు పౌరుడికి లైసెన్సు రాదు. కాబట్టి ఇది ముఖ్యంగా రేపు యూనిఫాం వేసుకోబోయేవాళ్ల కోసం. పాయింట్ 32కి లైసెన్సు ఉన్న పెద్దవాళ్లకి కూడా పట్టు సూత్రం ఇదే.

అసలు పిస్టల్ ఎందుకు తన్నుతుంది? ఇంటర్‌లో ఫిజిక్స్ చదివినవాళ్లు చెప్పండి. న్యూటన్ మూడో సూత్రం. అవును. బుల్లెట్ ముందుకి వెళ్తే పిస్టల్ వెనక్కి వస్తుంది. సరే, ఎంత వస్తుంది? లెక్క వేద్దాం. 9 ఎంఎం బుల్లెట్ బరువు సుమారు 8 గ్రాములు. వేగం సెకనుకి సుమారు 350 మీటర్లు. లోడ్ చేసిన పిస్టల్ సుమారు ఒక కిలో. బుల్లెట్ వెనకే దూసుకొచ్చే గ్యాసుని కూడా కలుపుకుంటే, పిస్టల్ సెకనుకి మూడు మీటర్ల వేగంతో వెనక్కి రావాలని చూస్తుంది. శక్తిగా చెప్పాలంటే అయిదు జౌళ్ల లోపు. ఒక కిలో బరువు అర మీటరు ఎత్తు నుంచి మీ అరచేతిలో పడితే ఎంత తగులుతుందో అంతే. బుల్లెట్ తీసుకెళ్లే శక్తి దాదాపు 490 జౌళ్లు. అంటే అందులో నూరో వంతు మన చేతికి వస్తోంది.

నూరో వంతు! ఆరోగ్యంగా ఉన్న ఏ మనిషి చెయ్యయినా మోయగలిగిన దెబ్బ ఇది. మరి ఎందుకు మొదటి రౌండు నల్లచుక్కలో పడి, రెండోది టార్గెట్ పైన మట్టికట్టలో పడుతోంది?

రెండు కారణాలు. మొదటిది, దెబ్బ తగిలే చోటు. గొట్టం ఇక్కడ, పైన ఉంది. మన చెయ్యి ఇక్కడ, కింద ఉంది. వెనక్కి వచ్చే బలం చేతికి సూటిగా తగలదు, చేతికి పైనుంచి వెళ్తుంది. అందుకే పిస్టల్ వెనక్కి రావడంతో ఆగకుండా ముక్కు పైకెత్తుతుంది. గొట్టానికీ చేతికీ మధ్య ఎత్తు ఎంత పెరిగితే ముక్కు అంత ఎక్కువ లేస్తుంది. ఈ ఎత్తుని మీరు తగ్గించగలరా? గొట్టాన్ని కిందికి దించలేరు, ఫ్యాక్టరీలో బిగించేశారు. చేతిని పైకి జరపగలరు. అది మీ చేతిలో పని.

రెండో కారణం సమయం. దీన్ని చాలామంది పట్టించుకోరు, అందుకని కాస్త నిదానంగా చెబుతాను. ట్రిగ్గర్ తెగాక బుల్లెట్ గొట్టం దాటడానికి సెకనులో వెయ్యో వంతు కూడా పట్టదు. పైన జారే భాగం, అంటే స్లైడ్, వెనక్కి వెళ్లి, ఖాళీ కేసుని, అంటే కాలిన రౌండు తొడుగుని, బయటికి విసిరి, కొత్త రౌండుని ఎక్కించుకుని ముందుకి రావడానికి సెకనులో పదో వంతు కూడా పట్టదు. మరి ఒక దెబ్బ తగిలిందని మనకి తెలిసి, కండరం దానికి జవాబు చెప్పడానికి ఎంత పడుతుంది? ఎంత చురుకైనవాడికైనా సెకనులో ఆరో వంతు, అయిదో వంతు. అంటే ఏమిటి? తన్నింది అని మీకు తెలిసేసరికి తన్నడం అయిపోయింది. అది తన్నినప్పుడు మీరు ఆపలేరు. ఎవరూ ఆపలేరు. నేను ఆపుతున్నాను అనుకునేవాడు నిజంగా చేసేది, తన్నకముందే ఊహించి ముక్కుని కిందికి నొక్కడం. అప్పుడు బుల్లెట్ ఎక్కడ పడుతుంది? కుడిచేతి వాటం వాళ్లకి కింద, ఎడమ పక్కన. రేంజిలో ఎన్ని టార్గెట్లు చూసినా అక్కడే గుంపు కనపడుతుంది. కింద, ఎడమ.

అందుకని పట్టు అన్నది తన్నుతో కొట్లాట కాదు. ట్రిగ్గర్ తెగకముందే రెండు చేతులూ ఎలా అమరి ఉన్నాయో, అదే పని చేస్తుంది. తర్వాత మీరు చేసేదేమీ లేదు. ముక్కు దగ్గరుండే ఫోర్‌సైట్ లేస్తుంది, లేవనివ్వండి. మీరు ఏమీ చేయకుండానే అది మళ్లీ వెనకుండే బ్యాక్‌సైట్ గాడిలోకి వచ్చి కూర్చోవాలి. కూర్చుంటే మీ పట్టు బాగుంది. కూర్చోకపోతే బాగాలేదు. నేను ఈరోజు చెప్పేదంతా ఈ ఒక్క పరీక్షలో నెగ్గడానికే.

ఏటి బాబూ? గట్టిగా అడుగు, అందరికీ వినపడాలి. "బలం ఉంటే సరిపోదా సార్" అంటున్నాడు. మంచి ప్రశ్న. మన జిల్లాల్లో అడగాల్సిన ప్రశ్నే. వీరఘట్టంలో కోడి రామ్మూర్తి నాయుడు పుట్టిన నేల ఇది. ఆమదాలవలస దగ్గర నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీలో 240 కిలోలు ఎత్తి పతకం తెచ్చింది. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడలో ఇంటింటా లిఫ్టర్లున్నారు. కొండవెలగాడ వాళ్లు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? ఉన్నారా! లే తమ్ముడూ. బార్‌ని ఎలా పట్టుకుంటావో చూపించు అందరికీ. చూశారా, బొటనవేలిని ముందు బార్ చుట్టూ తిప్పి, దాని మీద మిగతా వేళ్లని వేశాడు. హుక్ గ్రిప్ అంటారు. ఎందుకలా? బొటనవేలు నొప్పెడుతుంది కూడా. అయినా ఎందుకు? వంద కిలోల పైన బార్‌ని ఒట్టి పిడికిలి బిగువుతో ఆపడం కష్టం. వేళ్లని ఒకదాని కింద ఒకటి ఇరికిస్తే బార్ జారదు. అంటే లిఫ్టర్‌కి కూడా బలం ఒక్కటే చాలదు, ముందు చేతి అమరిక కావాలి. కూర్చో తమ్ముడూ, చాలా బాగా చూపించావు.

బలం అక్కర్లేదని నేను అనను. బలమైన చెయ్యి ఉంటే అమరిక ఎక్కువసేపు నిలుస్తుంది. కానీ తప్పు చోట పెట్టిన బలమైన చెయ్యి కన్నా సరైన చోట పెట్టిన మామూలు చెయ్యి మేలు.

ఇప్పుడు చేతుల దగ్గరికి వద్దాం.

కుడిచెయ్యి ముందు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఈ వంపు ఉంది కదా, దీన్ని పిడి వెనక భాగంలో ఎంత పైకి వెళ్తే అంత పైకి, పిడి పైన వెనక్కి పొడుచుకొచ్చిన బొడిపె కిందకి తాకేదాకా తోయాలి. మధ్యలో ఖాళీ కనపడకూడదు. గొట్టం, ముంజేయి ఒకే గీతలో ఉండాలి. ఇది ఎప్పుడు జరగాలి? పిస్టల్ హోల్‌స్టర్‌లో, అంటే నడుముకున్న ఒరలో, ఉండగానే. బయటికి తీశాక సర్దుకుందాం అంటే కుదరదు, సర్దుకునే టైము మీకు ఎవరూ ఇవ్వరు. కింది మూడు వేళ్లు ట్రిగ్గర్ గార్డుకి, అంటే ట్రిగ్గర్ చుట్టూ ఉండే చట్రానికి, ఆనుకుని పిడిని చుట్టాలి. మధ్యవేలు గార్డు కింద గట్టిగా తగలాలి.

ఒక జాగ్రత్త. మన పోలీసుల్లో ఇంకా చాలా చోట్ల ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో చేసిన 9 ఎంఎం ఆటో పిస్టల్ ఉంది. బ్రౌనింగ్ హై పవర్ నమూనా మీద చేసింది. దాన్ని మరీ పైకి పట్టుకుంటే, చెయ్యి కండ ఉన్నవాళ్లకి వెనక హ్యామర్, అంటే రౌండుని పేల్చే సుత్తి, ఈ వంపుని కొరుకుతుంది. రక్తం వస్తుంది. అలాంటివాళ్లు వెంట్రుకవాసి కిందికి దిగాలి. గ్లాక్ కంపెనీ పిస్టల్‌కి బయట హ్యామర్ లేదు, దాంతో ఆ బాధ లేదు, నిర్భయంగా పైకి వెళ్లొచ్చు. ఆయుధాన్ని బట్టి చెయ్యి.

ఇప్పుడు ఎడమచెయ్యి. ఇక్కడ ఆగుదాం. ఇక్కడ చాలాసేపు ఆగుదాం.

మనవాళ్లు ఎడమచేతిని ఏం చేస్తారు? తెచ్చి పిడి అడుగున, రౌండ్లు నింపే మ్యాగజైన్ కింద పెడతారు. టీ కప్పు కింద సాసర్ పెట్టినట్టు. దానివల్ల ఏం ఉపయోగం? పిస్టల్ కిందికి పడిపోతోందా, పట్టుకోవడానికి? అది పైకి లేస్తోంది. పైకి లేచేదానికి కింద చెయ్యి పెడితే ఆ చెయ్యి ఉత్తదే. కొంతమంది ఎడమచేత్తో కుడి మణికట్టుని పట్టుకుంటారు. అప్పుడు పిస్టల్‌కి తగిలే చెయ్యి ఒక్కటే అయింది, రెండోది మణికట్టుకి కాపలా కాస్తోంది. కాల్చడం ఒంటిచేత్తోనే అయింది.

రెండు చేతులతో కాల్చడం అన్నది ఎప్పటినుంచో ఉన్నది కూడా కాదు. ఒకప్పుడు సర్వీసు పిస్టల్‌ని కూడా ఎక్కువగా ఒంటిచేత్తో, చెయ్యి చాచి కాల్చేవారు. 1950ల్లో అమెరికాలో లాస్ ఏంజెలెస్ కౌంటీ డిప్యూటీ షెరీఫ్ జాక్ వీవర్ అనే ఆయన రెండు చేతులతో పట్టి, సైట్లు చూసి కాల్చి పోటీలు గెలవడం మొదలుపెట్టాడు. కుడిచేత్తో ముందుకి తోయడం, ఎడమచేత్తో వెనక్కి లాగడం, ఎడమ మోచేయి కిందికి వంచడం. జెఫ్ కూపర్ అనే శిక్షకుడు దాన్ని నలుగురికీ నేర్పాడు. ఆ తర్వాత 1980ల్లో రాబ్ లీథమ్, బ్రయన్ ఈనోస్ లాంటి పోటీ షూటర్లు రెండు చేతులూ సమంగా ముందుకి చాచి, రెండు బొటనవేళ్లూ గురి వైపు పెట్టి కాల్చడం మొదలుపెట్టారు. ఇవాళ ప్రపంచంలో వేగంగా కాల్చేవాళ్లలో ఎక్కువమంది పట్టు ఇదే. నేను చెప్పేదీ ఇదే. వీవర్ పద్ధతి తప్పని కాదు. దానిలో తోసే బలం, లాగే బలం ప్రతిసారీ సరిగ్గా సమానంగా ఉండాలి. టెన్షన్‌లో అది కుదరడం కష్టం.

సరే, ఎడమచెయ్యి ఎక్కడ పెట్టాలి? కుడిచెయ్యి పిడిని పట్టుకున్నాక, ఎడమ పక్క చూడండి. పిడి మీద ఇంత ఖాళీ మిగిలింది. కుడిచేతి వేళ్ల కొసలు ఇక్కడితో ఆగిపోయాయి, కుడి బొటనవేలు పైనుంది, మధ్యలో ఖాళీ. పిస్టల్ తన్నినప్పుడు దేని వైపు పారిపోతుంది? ఆనుకోవడానికి ఏమీ లేని వైపుకి. ఈ ఖాళీ వైపుకి. అందుకే ఎడమ అరచేతి మడమని, బొటనవేలి కింద ఉన్న ఈ మెత్తని కండని, తెచ్చి సరిగ్గా ఆ ఖాళీలో నింపాలి. నింపాలి అంటున్నాను, ఆనించాలి అనడం లేదు. పిడి కనపడకూడదు. చుట్టూ మీ చర్మమే ఉండాలి. తర్వాత ఎడమ నాలుగు వేళ్లూ కుడి వేళ్ల మీదుగా, వాటి మధ్య పల్లాల్లో కూర్చోవాలి. ఎడమ చూపుడువేలు ట్రిగ్గర్ గార్డు అడుగుకి గట్టిగా తగలాలి. కొంతమంది ఆ వేలిని గార్డు ముందుకి చాస్తారు. వద్దు. అక్కడికి వెళ్లిన వేలు మిగతా చేతిని పిడి నుంచి ఊడదీస్తుంది.

ఇప్పుడు మణికట్టు. ఇది అసలు కిటుకు. ఎడమ మణికట్టుని కిందికి, ముందుకి వంచండి. బొటనవేలు గురి వైపు చూసేదాకా వంచండి. మీ అందరూ పిస్టల్ లేకుండా ఇప్పుడే చేసి చూడండి. ఎడమచెయ్యి ముందుకి చాచండి, బొటనవేలు పైకి. ఇప్పుడు మోచేయి కదపకుండా, బొటనవేలు ముందుకి చూపించేలా మణికట్టుని వంచండి. చివరికి ఒకచోట ఆగిపోయింది కదా? ఇంకా వంగదు కదా? ఆ ఆగిపోయిన చోటే మనకి కావాలి. పక్కనున్నవాళ్లని ఆ చేతిని పైకి నెట్టమనండి. మణికట్టు సగం వంగి ఉన్నప్పుడు ఒకసారి, పూర్తిగా ముందుకి వంచినప్పుడు ఒకసారి. తేడా తెలుస్తోందా? తెలుస్తోంది కదా. కీలు దాని చివర దాకా వెళ్లి ఆగింది కాబట్టి ఆ చెయ్యి తేలిగ్గా ఊగదు. కండరం జవాబు చెప్పక్కర్లేదు, ఎముకలూ వాటిని కట్టి ఉంచే బంధాలూ ముందే సిద్ధంగా ఉన్నాయి. ఇందాక సమయం గురించి అంతసేపు ఎందుకు చెప్పానో ఇప్పుడు అర్థమైందా?

ఇక ఎంత గట్టిగా పట్టాలి? ప్రతి శిక్షకుడూ ఒక శాతం చెబుతాడు. ఎడమచేత్తో అరవై, కుడిచేత్తో నలభై అనేవాళ్లున్నారు, డెబ్బై ముప్ఫై అనేవాళ్లున్నారు. చేతిలో మీటరు ఏమీ లేదు, ఆ అంకెలని పట్టుకోకండి. ఎడమచెయ్యి ఎక్కువ, కుడిచెయ్యి తక్కువ, అంతవరకు చాలు. ఎందుకు? కుడిచేతికి ఇంకో పని ఉంది. ట్రిగ్గర్ లాగే వేలు ఆ చేతిదే. పిడికిలి గట్టిగా బిగించి ఒక్క చూపుడువేలిని మాత్రం మెల్లగా కదపండి చూద్దాం. ఆడుతోందా? మొరాయిస్తోంది కదా. అది లాగినప్పుడల్లా మిగతా వేళ్లు కూడా తోడుగా బిగుసుకుంటాయి. పాలు పిండినట్టు పిడిని పిండుతాం, ముక్కు కిందికి పోతుంది. కుడిచెయ్యి మంచి కరచాలనం ఇచ్చినంత బిగువుగా ఉంటే చాలు. ముందు నుంచి వెనక్కి నొక్కుతుంది. ఎడమచెయ్యి రెండు పక్కల నుంచి లోపలికి నొక్కుతుంది. వణుకు వచ్చేంత గట్టిగా పట్టి, వణుకు ఆగేదాకా కాస్త సడలిస్తే అదే మీ ఎడమచేతి కొలత.

ఒకసారి బిగించాక దాన్ని మార్చకూడదు. మొదటి రౌండుకి ఎంత బిగువో అయిదో రౌండుకీ అంతే. మారితే సైట్ తిరిగి వచ్చే చోటు మారుతుంది.

అలాగని మరీ వదులుగా పట్టుకుంటే ఇంకో ప్రమాదం ఉంది. స్లైడ్ పూర్తిగా వెనక్కి వెళ్లాలంటే కింద ఫ్రేము నిలకడగా ఉండాలి. మణికట్టు మెత్తబడి ఫ్రేము కూడా స్లైడ్‌తో పాటే వెనక్కి వస్తే, స్లైడ్ సగంలో ఆగుతుంది. ఖాళీ కేసు బయటికి పోకుండా నిలువుగా ఇరుక్కుంటుంది. అప్పుడు ఆయుధం చెడిపోయిందని, ఆయుధాలు బాగుచేసే ఆర్మరర్‌ని తిడతారు. ఆయుధానికి ఏమీ కాలేదు.

బొటనవేళ్ల గురించి కచ్చితంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ గాయాలవుతాయి. ఎడమ బొటనవేలు కుడిచేతి వెనక, స్లైడ్ వెనక అడ్డంగా ఎప్పుడూ పెట్టకండి. స్లైడ్ వెనక్కి వచ్చి కోసేస్తుంది. రెండు బొటనవేళ్లూ ఎడమ పక్కనే, ఒకదాని మీద ఒకటి, ముందుకి. గ్లాక్ పట్టుకున్నవాళ్ల కుడి బొటనవేలు స్లైడ్ స్టాప్ మీద, అంటే స్లైడ్‌ని వెనక ఆపే మీట మీద, పడుతూ ఉంటుంది. అలా పడితే చివరి రౌండు అయ్యాక స్లైడ్ వెనక ఆగదు, ఖాళీ అయిందని మీకు తెలియదు. వేలుని కాస్త బయటికి జరపండి.

రివాల్వర్ ఉన్నవాళ్లు ఇది బాగా వినండి. ఇప్పుడు చెప్పిన బొటనవేళ్లు ముందుకి అన్నది రివాల్వర్‌కి పనికిరాదు. రౌండ్లు కూర్చుని తిరిగే సిలిండర్‌కీ గొట్టానికీ మధ్య సన్నని సందు ఉంటుంది, కాల్చినప్పుడు అందులోంచి మండే గ్యాసు పక్కకి చిమ్ముతుంది. అక్కడ వేలు ఉంటే కాలుతుంది, చీలుతుంది. రివాల్వర్‌కి బొటనవేళ్లు రెండూ కిందికి మడిచి, ఒకదాని మీద ఒకటి, సిలిండర్‌కి వెనకే ఉండాలి. ఆటో పిస్టల్ అలవాటుని రివాల్వర్ మీదకి తీసుకెళ్లకండి.

నిలబడడం గురించి రెండు మాటలు చాలు. పాదాలు భుజాల వెడల్పు, ఎడమపాదం కొంచెం ముందు, బరువు మునివేళ్ల వైపు. భుజాలు తుంటి కన్నా ముందుకి ఉండాలి. వెనక్కి వాలి నిలబడితే ఎంత మంచి పట్టయినా రెండో రౌండుకి మనిషి మొత్తం కదులుతాడు. మోచేతుల్ని తాళం వేసినట్టు బిగించకండి, కాస్త వంపు ఉంచి, మోచేతుల్ని పక్కలకి తిప్పండి. తల దించకండి, పిస్టల్‌ని కంటి దగ్గరికి తెచ్చుకోండి.

ఇప్పుడు అమ్మాయిలకి. మీలో చాలామంది అడగడానికి మొహమాటపడతారు, అందుకని నేనే చెబుతున్నాను. 9 ఎంఎం పిస్టల్‌లో మ్యాగజైన్ రెండు వరసలది, పిడి లావు. హై పవర్‌లో 13 రౌండ్లు పడతాయి, గ్లాక్ 17లో 17. చిన్న చేతికి ట్రిగ్గర్ అందదు. అందకపోతే ఏం చేస్తారు? పిస్టల్‌ని చేతిలో కొంచెం తిప్పుకుంటారు. తిప్పుకుంటే తన్ను ఈ వంపులోకి రాకుండా బొటనవేలి ఎముక మీదకి వస్తుంది. నొప్పి. నొప్పితో భయం. భయంతో ముందే నొక్కడం. చివరికి "ఆడపిల్లకి ఫైరింగ్ రాదు" అనే మాట. అది అన్యాయమైన మాట. లోపం చేతిలో లేదు, కొలతలో ఉంది. గ్లాక్ నాలుగో తరం నుంచి వెనక పిడి ముక్కలు మార్చుకునే ఏర్పాటు ఉంది. మీకిచ్చిన పిస్టల్‌కి అది ఉంటే చిన్నది పెట్టించమని అడగండి, మొహమాటపడకండి. లేకపోతే, గొట్టం ముంజేతితో ఒకే గీతలో ఉంచడాన్ని కొంచెం వదులుకుని, వేలి కొస ట్రిగ్గర్ మీద పడేలా సర్దుకోండి. ఆ కొరతని ఎడమచేతితో పూడ్చండి. మీకు ఎడమచెయ్యి ఇంకా ఎక్కువ పని చేయాలి. చేతికి బిగువు కావాలంటే ఖరీదైన సామాను ఏమీ వద్దు. బకెట్‌లో బియ్యం పోసి, చెయ్యి మణికట్టు దాకా దించి, పిడికిలి మూస్తూ తెరుస్తూ ఉండండి. తెరవడం కూడా ముఖ్యం, మూయడం ఒక్కటే చేస్తే మోచేయి నొప్పులొస్తాయి.

మన వాతావరణం కూడా ఒక శత్రువు. సముద్రం పక్కన ఉన్నాం, ఏప్రిల్ మే నెలల్లో తొమ్మిది గంటలకే చెమట కారుతుంది. తడి చేతిలో ఏ అమరికా నిలవదు. రేంజికి వచ్చే రోజు తలకి నూనె రాసుకుని ఆ చేతులతోనే రాకండి. తువ్వాలు నడుముకి కట్టుకోండి. లిఫ్టర్లు రాసుకునే మెగ్నీషియం పొడి ఉంది కదా, అది ఇక్కడా పనిచేస్తుంది. అధికారులు ఒప్పుకుంటే పిడికి గరుకు టేప్ వేయించుకోండి. సొంతంగా సర్కారు ఆయుధానికి ఏదీ అంటించకండి.

పట్టు కుదిరిందా లేదా ఎలా తెలుస్తుంది? మీ రేంజి ఇన్‌ఛార్జి ముందు, ఆయన అనుమతితో, అయిదు రౌండ్లు ఆగకుండా కాల్చండి. అయిదూ అయ్యాక చేతులు చూడండి. మొదట పెట్టిన చోటే ఉన్నాయా? లేక ప్రతి రౌండుకీ ఎడమచెయ్యి జారి మళ్లీ సర్దుకున్నారా? సర్దుకుంటే ఎడమ అరచెయ్యి ఆ ఖాళీలో సరిగ్గా కూర్చోలేదు. తర్వాత సైట్‌ని చూడండి. టార్గెట్‌ని కాదు, ఫోర్‌సైట్‌ని. అది నిలువుగా లేచి నిలువుగా దిగుతోందా? పక్కకి పోతోందంటే ఒక పక్క ఆధారం తక్కువైంది. లేచి తిరిగి రాకుండా పైనే ఉండిపోతోందంటే చెయ్యి కిందికుంది, లేదా ఎడమ మణికట్టు వంచలేదు. లేచి తిరిగొచ్చి గాడి కన్నా కిందికి వెళ్లిపోతోందంటే మీరు నెడుతున్నారు. కళ్లు మూసుకునేవాళ్లకి ఇవేవీ కనపడవు. చాలామంది మూస్తారు, తమకే తెలియదు. పేలుడు శబ్దానికి రెప్ప పడుతుంది. చెవులకి రక్షణ సరిగ్గా పెట్టుకుంటే సగం తగ్గుతుంది.

ముందే నెట్టే అలవాటుకి ఒకటే మందు. డ్రిల్ రౌండు, అంటే పేలని ఉత్తుత్తి రౌండు. మీ స్నేహితుడిని మ్యాగజైన్ నింపమనండి, అసలు రౌండ్ల మధ్యలో మీకు చెప్పకుండా ఒకటో రెండో డ్రిల్ రౌండ్లు పెట్టమనండి. కాలుస్తూ పోతే ఒకచోట టిక్కుమంటుంది, పేలదు. ఆ క్షణంలో ముక్కు ఎటు వెళ్లింది? నిశ్చలంగా ఉంటే మంచిది. కిందికి పడితే మీ గుట్టు బయటపడింది. వాదించడానికి లేదు, అందరూ చూశారు. దీన్ని రేంజిలో, ఉస్తాదు ముందే చేయాలి.

ఇంక డ్రై ప్రాక్టీస్, అంటే రౌండు లేకుండా చేసే సాధన. రౌండ్ల కొరత ఎప్పుడూ ఉంటుంది, కానిస్టేబుల్‌కి ఏడాదికి దొరికేది కొద్దిగానే. కానీ పట్టు నేర్చుకోవడానికి రౌండు అక్కర్లేదు. మ్యాగజైన్ తీయాలి. స్లైడ్ లాగి ఛాంబర్‌ని, అంటే రౌండు కూర్చునే చోటుని, కంటితో చూడాలి, చీకటిగా ఉంటే వేలు పెట్టి తడమాలి. మీరు సాధన చేసే గదిలో ఒక్క రౌండు కూడా ఉండకూడదు. బుల్లెట్ వెళ్లినా ఆపగలిగే గోడ వైపే చూడాలి. అప్పుడు హోల్‌స్టర్ నుంచి తీయడం, ఎడమచెయ్యి వచ్చి ఖాళీ నింపడం, మణికట్టు వంచడం, సైట్లు కంటి ముందుకి రావడం, ట్రిగ్గర్ లాగడం. హ్యామర్ పడినప్పుడు ఫోర్‌సైట్ కదలకూడదు. రోజూ కొద్దిసేపు, అలసట రాకముందే ఆపేయండి. అలసిన చెయ్యి తప్పునే నేర్చుకుంటుంది. ఇంట్లో పిస్టల్ లేనివాళ్లు, అంటే మీలో దాదాపు అందరూ, ఇలాంటి రబ్బరు నమూనాతో పట్టు వరకు చేయొచ్చు. కానీ దాన్ని పట్టుకుని వీధిలోకి వెళ్లకండి, ఫోటోలు తీసి పెట్టకండి. చూసేవాడికి అది రబ్బరని తెలియదు.

నేను చెప్పాల్సింది అయింది. ఇప్పుడు అయిదేసి మంది చొప్పున ఇటు రండి. ఇంకో నాలుగు నమూనాలు ఈ బల్ల మీద ఉన్నాయి. ఎడమచేతి వాటం వాళ్లు ఆ చివర విడిగా నిలబడండి, మీకు అన్నీ తిరగేసి చూపిస్తాను. చేతికి తీసుకోగానే ముందు గోడ వైపు తిరగండి, వేలు బయట. నేను ఒక్కొక్కరి ఎడమ మణికట్టు పట్టుకుని చూస్తాను. మొదటి అయిదుగురూ రండమ్మా.